కంప్యూటర్ ప్రశ్నోత్తరాలు: ల్యాబ్ కోసం కట్టుకునే లైనక్స్‌కు ఓ2 చాలా, ఓ3 కావాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కావలి నుంచి వచ్చిన పెద్ద ఉత్తరానికి ముందుగా జవాబు రాసి, దానితో ముడిపడిన మిగతా ప్రశ్నలను ఆ వెంటే తీసుకుంటున్నాను. కంపైలర్‌కు ఆప్టిమైజేషన్ స్థాయి (అంటే రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేటప్పుడు దాన్ని వేగం కోసం ఎంతగా మెరుగుపరచాలో) చెప్పేటప్పుడు మైనస్ గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు పెద్దబడి ఓ అక్షరం, ఆ తరవాత అంకె టైపు చేస్తాము. కంపైలర్‌కు ఇచ్చే ఇలాంటి సూచనను ఫ్లాగ్ అంటారు. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా ఓ0, ఓ1, ఓ2, ఓ3 అని మాత్రమే రాస్తున్నాను. చెప్పేదంతా జీసీసీ కంపైలర్ గురించే.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల ల్యాబ్‌లో 36 కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో 11 కోర్ 2 డ్యుయో కాలం నాటివి, 19 రెండో తరం, మూడో తరం ఐ3లు, మిగిలిన ఆరు ఈమధ్య కొన్నవి. విద్యార్థులతో కలిసి లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పద్ధతిలో సోర్స్ కోడ్ నుంచి మా సొంత లైనక్స్ కట్టి అన్నిటిలోనూ పెట్టాలనుకున్నాము. మొత్తం ఓ3తో కడితే పాత యంత్రాలు కూడా చురుగ్గా నడుస్తాయని ఒక విద్యార్థి పట్టుబడుతున్నాడు. నాకు ఓ2 చాలనిపిస్తోంది గాని, కారణం వివరించలేకపోతున్నాను.
— ల్యాబ్ బాధ్యతలు చూసే అధ్యాపకుడు, కావలి

జవాబు: మీకు అనిపించిందే సరైనది. అయితే ఆ విద్యార్థికి కూడా కారణం తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

విద్యార్థుల మార్కులను కూడే ఒక చిన్న లూప్‌ను తీసుకోండి. ఎంతమంది ఉన్నారన్నది ప్రోగ్రాం నడిచేటప్పుడు గాని తెలియదనుకోండి. ఓ0లో కంపైలర్ మీరు రాసిన వాక్యాన్ని రాసినట్టే యంత్రభాషలోకి దించుతుంది. ఒక్కో మార్కు కూడినప్పుడల్లా మొత్తాన్ని మెమరీలో దాచి, తరవాతి మార్కు కోసం మళ్లీ అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. ఓ1లో ఆ మొత్తం ప్రాసెసర్‌లోని రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది. ఓ2లో ఆదేశాల వరస ప్రాసెసర్‌కు అనువుగా మారుతుంది, చేసిన లెక్కే మళ్లీ చేయడం తగ్గుతుంది, చిన్న ఫంక్షన్లు పిలిచిన చోటనే కలిసిపోతాయి. ఓ3లో అదే లూప్ నాలుగేసి మార్కులను ఒక్కసారిగా కూడే వెక్టర్ ఆదేశాలుగా మారుతుంది. నాలుగుతో భాగించగా మిగిలిపోయే ఒకటి, రెండు, మూడు మార్కుల కోసం చివర వేరే తోక చేరుతుంది. నాలుగు మార్కులైనా లేకపోతే ఏం చేయాలో చూసే పరీక్ష మొదట్లో చేరుతుంది. నాలుగు వాక్యాల లూప్ ఇలా పొడవాటి కోడ్ అవుతుంది. లక్షల సంఖ్యలు కూడేటప్పుడు ఆ ఏర్పాటంతా లాభమే. అరవైమంది ఉన్న తరగతికి అది దండగ.

ఒక లైనక్స్ వ్యవస్థలో వేల కొద్దీ ప్రోగ్రాములు, లైబ్రరీలు ఉంటాయి. వాటిలో లక్షల సంఖ్యలను ఊపిరాడకుండా కూడే లూపులు బహు కొద్ది. ఎక్కువ భాగం ఫైలు తెరవడం, అక్షరాలు పోల్చడం, ఈ షరతు నిజమైతే అటు, కాకపోతే ఇటు పోవడం వంటి పనులే. అలాంటి కోడ్‌ను ఓ3తో కడితే వేగం పెరగదు, పరిమాణం మాత్రం పెరుగుతుంది. మీ ల్యాబ్‌లోని కోర్ 2 డ్యుయోల్లోనూ ఐ3ల్లోనూ ఒక్కో కోర్‌కు ఆదేశాలను దగ్గరగా ఉంచుకునే మొదటి క్యాష్ 32 కిలోబైట్లు మాత్రమే. ఉబ్బిన కోడ్ అందులో పట్టక, ప్రాసెసర్ మాటిమాటికీ వెనక ఉన్న నెమ్మది మెమరీకి పోవలసివస్తే, వేగం కోసం పెట్టిన ఓ3 వేగాన్ని తగ్గించిన సందర్భాలు కూడా ఉంటాయి.

ఓ2కు ఇంకొక బలముంది. ఆటోకాన్ఫ్ అనే పాత బిల్డ్ పద్ధతి మనమేమీ చెప్పకపోతే ఓ2నే తీసుకుంటుంది. డెబియన్, ఫెడోరా, ఆర్చ్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లు (సిద్ధంగా దొరికే లైనక్స్ రూపాలు) తమ ప్యాకేజీలను ఓ2తోనే కడతాయి. ప్రతి ఒక్కరూ తమ యంత్రంలో తామే కంపైల్ చేసుకునే జెంటూ సైతం వ్యవస్థ మొత్తానికి ఓ2నే సిఫార్సు చేస్తుంది. అంటే ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఎక్కువమంది ఎక్కువకాలం వాడి చూసిన రూపం ఓ2తో కట్టినదే. మీరు ఓ3తో కడితే, తక్కువమంది పరీక్షించిన దారిలో మీ విద్యార్థులను నడిపిస్తున్నారని అర్థం. ఉబుంటు 25.04 తయారవుతున్న రోజుల్లో ప్యాకేజీలన్నిటినీ ఓ3తో కట్టే ప్రయత్నం జరిగింది. కొలిచి చూసిన తరవాత విడుదలకు ముందే ఓ2కు తిరిగివచ్చారు. పైగా 2022లో వచ్చిన జీసీసీ 12 నుంచి ఓ2లో కూడా ఖర్చు పెద్దగా లేని చోట్ల వెక్టర్ మార్పు జరుగుతోంది. రెంటి మధ్య దూరం ఆమేరకు తగ్గింది.

ఆ విద్యార్థి ఆశిస్తున్న చురుకుదనం నిజానికి ఎక్కడ పోతోందో కూడా చూడండి. పాత యంత్రం ముందు కూర్చున్న పిల్లవాడు ఎదురుచూసేది చాలావరకు హార్డ్ డిస్క్ కోసం, లేదంటే మెమరీ చాలక డిస్క్ మీది స్వాప్‌లోకి పోయిన పేజీల కోసం. అక్కడ కంపైలర్ ఏమీ చేయలేదు. వీడియో చూడడం వంటి ప్రాసెసర్‌కు నిజంగా బరువైన పనుల్లోనేమో ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ప్రాజెక్టులు కీలకమైన భాగాలను చేతితో, యంత్రభాషకు అతి దగ్గరైన అసెంబ్లీలోనే రాసిపెట్టాయి. ఆ భాగాలకు ఓ2 అయినా ఓ3 అయినా ఒకటే. నిధులు ఏమాత్రం దొరికినా ఆ పదకొండు యంత్రాలకు చిన్న ఎస్ఎస్‌డీలు కొనిపెట్టండి. ఏ ఫ్లాగూ అంత మేలు చేయదు.

ఇప్పుడు మీరు అడగకపోయినా అడగవలసిన సంగతికి వస్తాను. మీ ల్యాబ్‌కు ఓ2, ఓ3 స్థాయి కంటే ముఖ్యమైనది, ఏ ప్రాసెసర్ కోసం కడుతున్నామన్నది. దాన్ని చెప్పే ఫ్లాగ్ పేరు మార్చ్. అరవైనాలుగు బిట్ల ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు ఏయే ఆదేశాలు తెలిసి ఉండాలో చెప్పే నాలుగు మెట్లను 2020లో నిర్ణయించారు: ఎక్స్86-64 మూల మెట్టు, ఆపైన వి2, వి3, వి4. ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేవు కాబట్టి మీ కోర్ 2 డ్యుయోలు మూల మెట్టులోనే ఆగిపోతాయి. రెండో, మూడో తరం ఐ3లు వి2 వరకు వస్తాయి. వి3కి కావలసిన ఏవీఎక్స్2 అనే వెక్టర్ ఆదేశాల సముదాయం ఇంటెల్‌లో నాలుగో తరంతో, 2013లో వచ్చింది. ఆ తరవాతి కాలపు చౌకరకం సెలెరాన్, పెంటియంలలో కూడా అది లేనివి ఉన్నాయి కనుక కొన్న సంవత్సరాన్ని బట్టి నిర్ణయించకండి. 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9కి వి2 ఉండాలి, 2025లో వచ్చిన 10కి వి3 ఉండాలి. అవి మీ పాత యంత్రాలను వదిలేశాయి. మీరు వదిలేయలేరు.

కాబట్టి మొత్తం వ్యవస్థను మూల మెట్టుకే కట్టండి. మార్చ్‌కు నేటివ్ అని మాత్రం ఇవ్వవద్దు. నేటివ్ అంటే కట్టే యంత్రానికి తెలిసిన ఆదేశాలన్నీ వాడుకొమ్మని కంపైలర్‌కు అనుమతి ఇవ్వడం; అక్కడ కట్టినది పక్క యంత్రంలో నడుస్తుందన్న హామీ ఉండదు. ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల కిందట కందుకూరు దగ్గర ఒక పాఠశాలకు చిన్న లైనక్స్ తయారుచేసి ఇస్తానని మాట ఇచ్చి, ఇంట్లో ఉన్న ఆరో తరం ఐ5 మీద నేటివ్‌తో అంతా కట్టి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని వెళ్లాను. అక్కడివి కోర్ 2 డ్యుయోలు. తెర మీద కెర్నెల్ (లైనక్స్ కేంద్ర భాగం) వరసలు చకచకా పరుగెత్తి, కెర్నెల్ మొదట నడిపే ప్రోగ్రామైన ఇనిట్‌ను చంపే ప్రయత్నం జరిగిందన్న సందేశం దగ్గర ఆగిపోయాయి. ఆ వరస చివర ఎగ్జిట్ కోడ్ అని, ఏడు సున్నాల తరవాత 4 అంకె ఉంది. తెలియని ఆదేశం ఎదురైనప్పుడు కెర్నెల్ ప్రోగ్రామును ఆపే సిగ్నల్ సంఖ్య 4. కెర్నెల్ తన ఫ్లాగులను తానే పెట్టుకుంటుంది కనుక లేచింది. నేను నేటివ్‌తో కట్టిన మొదటి ప్రోగ్రాం మొదటి అడుగులోనే కూలిపోయింది. ఆ అంకెను చదవడం ఆనాడు నాకు తెలియదు. మధ్యాహ్నమంతా డిస్క్ కేబుళ్లు మార్చి మార్చి చూశాను. పిల్లలు బల్లల మీద కూర్చొని ఎదురుచూశారు, బడి గంట కొట్టాక లేచి వెళ్లిపోయారు. అందుకే మొదటి ప్యాకేజీ కట్టకముందే మీ 36 యంత్రాల్లో ప్రతిదాని దగ్గరికీ వెళ్లి, అది ఏ మెట్టుదో కాగితం మీద రాసుకోమంటున్నాను. జీలిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే మూల సి లైబ్రరీ) 2.33గాని ఆపై వెర్షన్ గాని ఉన్న ఏ లైవ్ పెన్‌డ్రైవ్‌తోనైనా యంత్రాన్ని లేపి, లిబ్64 డైరెక్టరీలో ఉండే, ప్రోగ్రాములకు లైబ్రరీలను జతచేసే డైనమిక్ లోడర్‌ను హెల్ప్ ఆప్షన్‌తో నడిపితే, ఆ యంత్రం ఏయే మెట్లకు పనికివస్తుందో చివర్లో చూపిస్తుంది.

కొత్త యంత్రాలకు అన్యాయం జరుగుతుందేమోనని అనుకోవద్దు. మెమరీలో ఒకచోటి నుంచి ఇంకొకచోటికి నకలు తీయడం వంటి పనులకు జీలిబ్‌సీ తనలో అనేక రూపాలను ఉంచుకొని, నడిచే సమయంలో ప్రాసెసర్‌ను చూసి తగినదాన్ని ఎంచుకుంటుంది. ఇంకా కావాలంటే, లెక్కల బరువు ఎక్కువగా ఉన్న ఒకటి రెండు లైబ్రరీలను వి3కి మరోసారి కట్టి, జీలిబ్‌సీ హెచ్‌డబ్ల్యూక్యాప్స్ అనే డైరెక్టరీ కింద ఆ మెట్టు పేరుతో పెట్టండి. లోడర్ కొత్త యంత్రంలో దాన్ని, పాత యంత్రంలో మామూలుదాన్ని తానే తీసుకుంటుంది. ఒకే ఇమేజ్ 36 యంత్రాలకూ సరిపోతుంది.

మరి ఓ3కి చోటే లేదా అంటే, ఉంది. జెడ్‌స్టాండర్డ్ కుదింపు ప్రోగ్రాము, పైథాన్ ఇంటర్‌ప్రెటర్ తమ సొంత బిల్డ్ సూచనల్లోనే ఓ3 పెట్టుకున్నాయి. రాసినవారు కొలిచి పెట్టుకున్నదాన్ని మార్చకుండా వదిలేయండి. మన చీమకుర్తి గెలాక్సీ రాతి పలకకు పైమొహమే మెరుగుపెడతారు. సిమెంటులో కూర్చునే అడుగువైపును ఎవరూ సానబట్టరు. మీ వ్యవస్థలో పైమొహం ఏదో, అంటే ప్రాసెసర్ సమయం నిజంగా ఎక్కడ ఖర్చవుతోందో కొలిచి, ఆ నాలుగైదు ప్యాకేజీలకే ఓ3 పెట్టి చూడమని ఆ విద్యార్థికి చెప్పండి. ఉత్సాహం ఉన్న పిల్లవాడికి అది చేతినిండా పని.

ప్రశ్న: సి కంపైలర్‌కు ఫ్లాగులు అందించే వేరియబుల్ అయిన సిఫ్లాగ్స్‌లో ఓ2 అని స్పష్టంగా పెట్టాను. అయినా ఒక లైబ్రరీ కంపైల్ అవుతున్నప్పుడు లాగ్‌లో ప్రతి వరసలోనూ ఓ2, ఓ3 రెండూ కనిపిస్తున్నాయి. కంపైలర్ దేన్ని లెక్కలోకి తీసుకుంటుంది? ఓ3 ఎక్కడి నుంచి వచ్చింది?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: లాగ్ చదివే అలవాటు మీకు ఉన్నందుకు సంతోషం. ఒకే ఆదేశంలో ఒకటికి మించి ఓ స్థాయిలు ఉంటే జీసీసీ చివరిదాన్నే తీసుకుంటుంది. మీరు పంపిన వరసలో ముందు ఓ2, కొన్ని ఫ్లాగుల తరవాత ఓ3, దాని పక్కనే డి అక్షరంతో మొదలయ్యే ఎన్‌డీబగ్ ఉన్నాయి. ఓ3, ఎన్‌డీబగ్ ఇలా జంటగా కనిపిస్తే అది సీమేక్ అనే బిల్డ్ పనిముట్టు చేసిన పనే. సీమేక్‌లో బిల్డ్ టైప్‌ను రిలీజ్ అని ఇస్తే, మీ సిఫ్లాగ్స్ తరవాత తన సొంత ఓ3ని చేరుస్తుంది. కనుక మీ లైబ్రరీ ఓ3తోనే తయారైంది. లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ మార్గంలో నడిచేవారు అక్కడి ఆదేశాల్లో చాలాచోట్ల ఉన్న రిలీజ్ అన్న మాటను అలాగే టైపు చేస్తారు. తమ వ్యవస్థ మొత్తం ఓ2 అనే నమ్మకంతో ఉంటారు, లోపల సగం ఓ3 ఉంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. బిల్డ్ టైప్‌ను నన్ అని ఇస్తే సీమేక్ తనవి చేర్చకుండా మీ ఫ్లాగులనే వాడుతుంది. డెబియన్ ప్యాకేజీ పనిముట్లు అనుసరించేది ఈ దారినే. లేదా రిలీజ్‌నే ఉంచి, రిలీజ్‌కు సంబంధించిన సి ఫ్లాగ్స్, సి++ ఫ్లాగ్స్ వేరియబుల్స్‌లో ఓ2, ఎన్‌డీబగ్ అని మీరే రాసి ఇవ్వండి. నన్ ఎంచుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎన్‌డీబగ్ లేకపోవడం వల్ల ప్రోగ్రాములోని అసర్ట్ పరీక్షలన్నీ నడుస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అవి చాలా బరువుగా ఉంటాయి. మరో బిల్డ్ పనిముట్టు అయిన మీసన్‌లో కూడా రిలీజ్ అంటే ఓ3యే; డిస్ట్రిబ్యూషన్లు అక్కడ ప్లెయిన్ అన్న బిల్డ్ టైప్ ఇస్తాయి. ఫ్లాగుల వరస ప్రతి బిల్డ్ పద్ధతిలోనూ ఒకేలా ఉండదు కాబట్టి, ఏది వాడినా లాగ్‌లో చివరి ఓ ఏదో మీ కళ్లతో చూసి నిర్ధారించుకోండి. లాగ్ దాచుకోకపోయినా ఫరవాలేదు: తప్పులు వెతకడానికి వాడే డీబగ్ సమాచారాన్ని చేర్చే జి ఫ్లాగ్‌తో కట్టిన బైనరీలో కంపైలర్ తాను వాడిన ఫ్లాగులను డీబగ్ సమాచారంలో ప్రొడ్యూసర్ అన్న చోట రాసిపెడుతుంది. రీడ్‌ఎల్ఫ్‌తో ఆ సమాచారాన్ని బయటకు తీసి, ఆ మాట కోసం వెతకండి.

ప్రశ్న: గ్రానైట్ పలకల కొలతలు కూడి చదరపు అడుగులు చెప్పే చిన్న ప్రోగ్రాం సి భాషలో రాశాను. ఓ0తో కంపైల్ చేస్తే మొత్తం సరిగ్గా వస్తోంది. ఓ2తో చేస్తే ఒక్కోసారి అర్థంలేని సంఖ్య వస్తోంది. కంపైలర్‌లో తప్పుందా? ఇలాంటి తప్పు లైనక్స్ మొత్తాన్ని ఓ2తో కట్టేవారికి రాదా? కోడ్ జతచేశాను.
— పలకల ఫ్యాక్టరీ ఆఫీసు ఉద్యోగి, చీమకుర్తి

జవాబు: మీ కోడ్ చదివాను. తప్పు మీ ఫంక్షన్‌లోని మూడో వరసలో ఉంది. మొత్తం అనే డబుల్ వేరియబుల్‌ను ప్రకటించారు గాని దానికి సున్నా ఇవ్వలేదు. ఆ కింది లూప్‌లో పొడవును వెడల్పుతో గుణించి దానికి కలుపుతూ పోయారు. ఓ0లో ఆ వేరియబుల్‌కు స్టాక్‌లో ఒక చోటు దొరికింది; ఆ చోట అంతకుముందు యాదృచ్ఛికంగా సున్నా ఉంది. ఓ2లో అదే వేరియబుల్ రిజిస్టర్‌లోకి వెళ్లింది. ఆ రిజిస్టర్‌లో అంతకుముందు ఏదో లెక్క తాలూకు సంఖ్య మిగిలి ఉంది, మీ పలకల మొత్తం దాని మీద మొదలైంది. ప్రకటించిన చోటనే సున్నా ఇవ్వండి, సరిపోతుంది. గోడ లోపలి పగులు వాన కురిసిన రోజు బయటపడినట్టు, ఓ0లో దాగిన తప్పు ఓ2లో బయటపడింది. బిల్లుల్లో డబ్బుతో ముడిపడిన లెక్క కనుక ఇది ఇప్పుడే బయటపడడం మీకు మేలే. ఇకమీదట వాల్ అనే హెచ్చరికల ఫ్లాగ్ పెట్టకుండా ఏ సి ప్రోగ్రామునూ కంపైల్ చేయకండి. పరీక్షించేటప్పుడు, నడుస్తుండగా తప్పులు పట్టే అడ్రస్, అన్‌డిఫైన్డ్ శానిటైజర్లను కూడా కలిపి ఒకసారి నడపండి. అయితే విలువ ఇవ్వని వేరియబుల్‌ను పట్టుకోవడం ఆ రెంటి పని కాదు. అది వాల్ హెచ్చరికల్లో కనబడాలి, లేదంటే వాల్‌గ్రైండ్ అనే పరీక్షా పనిముట్టు కింద నడిపితే తెలుస్తుంది. ఈ హెచ్చరిక ఓ0లో కంటే ఓ2లో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే విలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో కంపైలర్ లోతుగా చూసేది ఆప్టిమైజ్ చేసేటప్పుడే.

లైనక్స్ కట్టేవారికి ఇది రాదా అని అడిగారు. వస్తుంది, పెద్దవారికే వచ్చింది. 2009లో కెర్నెల్‌లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో, మెమరీలో ఒక చోటును చూపే పాయింటర్ లోపలికి ముందు తొంగిచూసి, ఆ తరవాతి వరసలో అది శూన్యమా కాదా అని పరీక్షించే కోడ్ ఒకటి ఉండేది. ముందే వాడేశారు కాబట్టి అది శూన్యం అయ్యే వీల్లేదని కంపైలర్ తర్కించి, ఆ పరీక్షను పూర్తిగా తీసివేసింది. భాష నియమాల ప్రకారం అది కంపైలర్ హక్కు. ఫలితంగా మామూలు యూజర్ కెర్నెల్ అధికారాలను చేజిక్కించుకోగల రంధ్రం ఏర్పడింది. డ్రైవర్‌ను సరిచేశారు; అంతటితో ఆగక, అలాంటి పరీక్షలను తొలగించవద్దని కంపైలర్‌కు చెప్పే ఫ్లాగును కెర్నెల్‌కు శాశ్వతంగా చేర్చారు. రెండు వేరు రకాల పాయింటర్లు ఒకే చోటును చూపవన్న ఊహను కూడా కెర్నెల్ ఆపుచేయిస్తుంది. మామూలు ప్రోగ్రాములకు ఆ ఊహ ఓ2లో దానంతటదే మొదలవుతుంది.

సొంత డిస్ట్రిబ్యూషన్ కట్టేవారికి దీన్నుంచి ఒక పని ఉంది. ఏదైనా ప్యాకేజీ ఓ2లో సరిగా నడవక ఓ1తో కట్టవలసివస్తే, ఆ ప్యాకేజీ బిల్డ్ ఫైల్‌లో ఎందుకు తగ్గించారో, ఏ వెర్షన్‌లో తగ్గించారో, ఏ పరీక్ష తప్పిందో ఒక వాక్యం రాసిపెట్టండి. లేకపోతే రెండేళ్ల తరవాత ఆ ఫైల్ చూసినవారికి అది అవసరమో అలవాటో తెలియదు.

ప్రశ్న: వ్యవస్థ మొత్తాన్ని ఓ-ఫాస్ట్‌తో కడితే ఏమవుతుంది? పేరులోనే వేగం ఉంది కదా.
— డిప్లొమా విద్యార్థి, సింగరాయకొండ

జవాబు: దయచేసి కట్టకండి. ఓ3 మీద దశాంశ లెక్కల నియమాలను సడలించే ఫాస్ట్-మ్యాథ్‌ను కలిపినది ఓ-ఫాస్ట్. దానిలో కంపైలర్, సంఖ్య కానిది అనే ప్రత్యేక విలువ ఎప్పుడూ రాదని అనుకొని, దానికోసం రాసిన పరీక్షలను తీసిపారేయగలదు. కూడికల వరసను మార్చగలదు. ఆ పైన, జీసీసీ 13కు ముందు, ఈ ఫ్లాగ్‌తో కట్టిన ఒక్క షేర్డ్ లైబ్రరీని లోడ్ చేసుకుంటే చాలు, ఆ లైబ్రరీతో సంబంధంలేని లెక్కల్లో కూడా అతి చిన్న సంఖ్యలు సున్నాగా మారిపోయేవి. ఒక ఆటకో, ఒక సిమ్యులేషన్‌కో, రాసినవారు తెలిసి ఒప్పుకుంటే ఫాస్ట్-మ్యాథ్ తగినదే. ఊరందరి లెక్కలూ నడిచే వ్యవస్థకు దాన్ని వాడడం తప్పు. క్లాంగ్ కంపైలర్‌వారు తమ 19వ వెర్షన్‌లో, 2024లో, ఈ ఫ్లాగ్‌ను వదిలించుకొమ్మని చెప్పడం మొదలుపెట్టారు.

ప్రశ్న: కెర్నెల్‌ను ఓ3తో కట్టవచ్చునా? సిఫ్లాగ్స్ మార్చినా తేడా కనిపించడంలేదు.
— పాఠకుడు, నెల్లూరు

జవాబు: కెర్నెల్ మీ సిఫ్లాగ్స్‌ను పట్టించుకోదు, అందుకే తేడా లేదు. దానికి ఉన్న ఎంపికలు రెండే: ఓ2, పరిమాణం కోసం ఓ-ఎస్. అన్ని రకాల ప్రాసెసర్లకూ ఓ3 ఎంపిక ఇవ్వాలని 2022లో ఒక ప్రతిపాదన వచ్చినప్పుడు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. ఓ3 మెరుగైన కోడ్ ఇస్తుందన్న ఆధారం చూపకుండా దాన్ని తేవడం ఆయనకు సమ్మతం కాలేదు. అంతకుముందు ఒక్క ఏఆర్‌సీ ప్రాసెసర్లకు మాత్రం ఉన్న ఆ ఎంపికను కెర్నెల్ 6.0లో తీసివేశారు. ఇక ఓ0తో కెర్నెల్ అసలు తయారు కాదు. జీలిబ్‌సీ కూడా ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ కావడానికి నిరాకరిస్తుంది. ఓ2తోనే ఉంచండి.

ప్రశ్న: జి ఫ్లాగ్ పెడితే ప్రోగ్రాం నెమ్మదిస్తుందని మా సీనియర్ అన్నారు. నిజమేనా? డిస్క్ చిన్నది కాబట్టి ఓ-ఎస్ మంచిదా?
— పాఠకురాలు, మార్కాపురం

జవాబు: జి ఫ్లాగ్ ప్రోగ్రామును నెమ్మదించదు. ఫైలు మాత్రం పెద్దదవుతుంది. ఆ అదనపు సమాచారాన్ని తీసివేసే స్ట్రిప్ కమాండ్ నడిపితే మళ్లీ చిన్నదవుతుంది. డీబగ్ సమాచారాన్ని వేరే ఫైల్‌గా దాచుకుంటే, ఏదైనా కూలినప్పుడు కారణం వెతకడానికి అదే ఆధారం. ఓ-ఎస్‌ను ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటివి రౌటర్లలోని కొద్దిపాటి ఫ్లాష్ మెమరీ కోసం వాడతాయి. అందులో వేగం కొంత పోతుంది. ఉదాహరణకు ఒక స్థిరసంఖ్యతో భాగించడాన్ని ఓ2లో కంపైలర్ గుణకారంగా మార్చేస్తుంది, ఓ-ఎస్‌లో నెమ్మదైన భాగహార ఆదేశాన్నే ఉంచేస్తుంది. డిస్క్‌లో చోటు కోసమైతే స్ట్రిప్ చేయడం, వాడని భాషల ఫైళ్లను తీసివేయడం ముందు చేయండి. తెలుగు ఫైళ్లను మాత్రం ఉంచండి.

ప్రశ్న: ఓ2, ఓ3 మధ్య తేడా కొలిచాను. పొద్దున ఓ2 గెలిచింది, అదే రోజు మధ్యాహ్నం ఓ2నే మళ్లీ నడిపితే ఓ3 కంటే వెనకబడింది. దేన్ని నమ్మాలి?
— పాఠకుడు, పొదిలి

జవాబు: రెంటినీ నమ్మకండి. మీరు ఉత్తరంలో రాసిన తేదీ మే నెల చివరి వారం, గదిలో ఏసీ లేదు, యంత్రం ల్యాప్‌టాప్. పశ్చిమ ప్రకాశంలో రోహిణి కార్తె మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ప్రాసెసర్ వేడెక్కితే తనను కాపాడుకోవడానికి వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచినా వేగం తగ్గవచ్చు. మీరు కొలిచింది కంపైలర్‌ను కాదు, గది వేడిని.

కొలత ఇలా చేయండి. ల్యాప్‌టాప్‌ను కరెంటుకు కలిపి ఉంచి, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పర్ఫార్మెన్స్‌లో పెట్టి, బ్రౌజర్ మూసివేసి, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. ఓ2తో పది పరుగులు, ఆ తరవాత ఓ3తో పది పరుగులు అని విడగొట్టకండి. ఓ2తో ఒకటి, ఓ3తో ఒకటి, మళ్లీ ఓ2తో ఒకటి, ఇలా మార్చి మార్చి కనీసం ఇరవై సార్లు నడపండి. అప్పుడు వేడి పెరిగినా ఇద్దరి మీదా సమానంగా పడుతుంది. మొదటి జంటను వదిలేయండి, ఎందుకంటే ఫైళ్లు డిస్క్ నుంచి మెమరీలోకి వచ్చేది అప్పుడే. లైనక్స్‌లోని పెర్ఫ్ స్టాట్ అనే కొలత కమాండ్‌ను డి ఆప్షన్‌తో నడిపితే సమయంతోపాటు ఎన్ని ఆదేశాలు నడిచాయో, ఎన్నిసార్లు క్యాష్ తప్పిందో కూడా తెలుస్తుంది. సైజ్ కమాండ్‌తో రెండు బైనరీల కోడ్ పరిమాణం చూసి పక్కనే రాసుకోండి. కొలిచే పని కూడా మీరు రోజూ చేసేదై ఉండాలి: కుదింపు ప్రోగ్రామైతే మీ సొంత ఫోటోల ఫోల్డర్, పైథానైతే మీ సొంత స్క్రిప్ట్. ఓ2 పరుగుల్లోనే వాటికవి ఎంత తేడా ఉందో ముందు చూడండి. ఓ3 చూపిన లాభం ఆ తేడాకు లోపలే ఉంటే ఆ ప్యాకేజీని ఓ2లో వదిలేయండి. దానికి స్పష్టంగా వెలుపల ఉండి, రెండో రోజు పొద్దున మళ్లీ కొలిచినప్పుడు కూడా నిలబడితే, ఆ ఒక్క ప్యాకేజీకి ఓ3 పెట్టి, కొలిచిన అంకెలను దాని బిల్డ్ ఫైల్‌లోనే రాసిపెట్టండి.